నేను కట్టేసిన రేడియో

మా ఊరు నరసాపురానికి దిగువన, సముద్రానికి ఒక మైలు ఇవతల ఉంటుంది. వీధి వైపు మా కొట్టు, దాని వెనక ఇల్లు. ఆ కొట్లో నాన్నగారు ఉప్పూ పప్పూ కిరసనాయిలుతో పాటు వలలు అల్లుకునే నూలు, పడవలకు కట్టే మోకులు కూడా అమ్మేవారు. కొనడానికి వచ్చేవాళ్లలో సగం మంది పల్లెపాలెం వాళ్లే. పల్లెపాలెం అంటే సరుగుడు తోటలు దాటాక ఇసక దిబ్బల మీద ఉండే చేపల వేటగాళ్ల పేట. తాటాకు ఇళ్లు ఒక నలభై ఉండేవి.

ఊళ్లోకి అప్పటికింకా కరెంటు రాలేదు. చేతిలో పట్టుకు తిరిగే చిన్న రేడియోలు కూడా రాలేదు. మా ఇంట్లో ఉన్నది చెక్కపెట్టె రేడియో. దాని వెనక ఇటుకంత బ్యాటరీ ఉండేది. పెంకుటింటి పైన రెండు వెదుళ్లకు కట్టిన రాగితీగ, కిటికీలోంచి లోపలికి వచ్చిన ఇంకో తీగ. బ్యాటరీ అయిపోతే నరసాపురం నుంచి రావాలి, అది కూడా వాళ్ల దగ్గర ఉంటేనే. అందుకని రేడియో ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు కట్టేయాలో నాన్నగారు లెక్కగా చెప్పేవారు. పొద్దున్న భక్తిపాటలు, వార్తలు. సాయంత్రం వార్తలు, వాటి తర్వాత వాతావరణం. ఆ వాతావరణం మాత్రం ఒక్క రోజు కూడా తప్పడానికి వీల్లేదు. అది మా కోసం కాదు, పల్లెపాలెం కోసం.

దీపాలు పెట్టే వేళకి పాలెం నుంచి ఒకతను వచ్చి అరుగు దగ్గర నిలబడేవాడు. పాతికేళ్లుంటాయి. ఎండుచేపల గంపతో ఊరూరూ తిరిగే ఒక పెద్దామెకి చిన్న కొడుకు. నేను ఆవిడని మామ్మా అనేదాన్ని. అతను అరుగు ఎక్కేవాడు కాదు. కిందే నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "ఏమన్నా సెప్పారా అండి?" అని అడిగేవాడు. నాన్నగారు ఉంటే నాన్నగారు, లేకపోతే నేను, రేడియోలో విన్నది చెప్పేవాళ్లం. గాలి ఎటునుంచి, వాన ఉందా లేదా, సముద్రంలోకి వెళ్లొద్దన్నారా. అతను దాన్ని ఒకసారి పైకి అనుకుని, వెళ్లి పాలెంలో చెప్పేవాడు. పొద్దున్న నావలు దిగాలా వద్దా అన్నది దాన్నిబట్టి ఉండేది. పూర్తిగా దాన్నిబట్టే కాదు, వాళ్లకి ఆకాశం చూడడం తెలుసు. కానీ కొన్నేళ్ల కిందట వచ్చిన ఒక తుపాను తర్వాత వాళ్లు ఆకాశాన్ని ఒక్కదాన్నే నమ్మడం మానేశారు.

అప్పుడు నాకు పదహారేళ్లు. స్కూలు ఫైనలు రాసి ఇంట్లో ఉన్నాను. నాకు ఆ పెట్టెలో నచ్చినవి వార్తలూ కాదు, పాటలూ కాదు. నాటకాలు. మనుషులు కనిపించకుండా గొంతుల్లోనే ఉండడం నాకు వింతగా ఉండేది. ఒక తలుపు చప్పుడుతో ఇల్లు వచ్చేసేది, ఒక దగ్గుతో ముసలాయన వచ్చేసేవాడు. విన్న మాటలు మర్చిపోకముందే నోటు పుస్తకంలో రాసుకుని, పెరట్లో ఎవరూ లేనప్పుడు అన్ని గొంతులూ నేనే పెట్టి చదివేదాన్ని. ఎప్పటికైనా ఆ పెట్టెలోంచి నా గొంతు రావాలని నా కోరిక. ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం నాన్నగారు సరుకు కోసం పాలకొల్లు వెళ్లారు. ఆదివారం తిరిగొస్తానన్నారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మడూ, సాయంత్రం వాతావరణం వినడం మర్చిపోకు," అన్నారు. మర్చిపోనన్నాను.

సాయంత్రం వార్తలకి ముందు ఒక నాటకం వేశారు. వినికిడి పోతున్న సంగీతం మేష్టారు, ఆయన కూతురు. తనకి వినపడడం లేదన్న సంగతి ఆయన శిష్యులకి తెలియనివ్వడు. కూతురు ఆయన పక్కన కూర్చుని, వాళ్లు తప్పు పాడినప్పుడల్లా చాప మీద వేలితో తడుతుంది. ఆ తట్టిన చప్పుడు కూడా వినిపించింది. నాటకం అయిపోయేసరికి నా కళ్లు నిండిపోయాయి. మాటలు చెదిరిపోకుండా రాసుకోవాలని వెంటనే రేడియో కట్టేసి, పుస్తకం తీసుకుని పెరట్లోకి పోయాను. తర్వాత వార్తలున్నాయి, వాటి తర్వాత వాతావరణం ఉంది. అవి నా తలలో లేనే లేవు.

నాలుగు పేజీలు రాసేసరికి వీధి వైపు నుంచి అమ్మ పిలిచింది. "పాలెం అతను వచ్చాడే, చెప్పి పంపించు." అప్పుడు గుర్తొచ్చింది. వాతావరణం చెప్పే వేళ దాటిపోయింది.

వీధిలోకి వెళ్లాను. అతను అరుగు కింద నిలబడి ఉన్నాడు. ఆకాశం తేటగా ఉంది. ఆకు కదలడం లేదు.

"ఏమన్నా సెప్పారా అండి, పాపగారూ?"

విన్లేదని చెప్పొచ్చు. చెప్తే అమ్మ వింటుంది, రేపు నాన్నగారికి తెలుస్తుంది, ఇక నాటకాలు బంద్ అవుతాయి. ఇదంతా నేను నిలబడి ఆలోచించలేదు. నోరు తెరిచేలోపే మాట వచ్చేసింది.

"ఏం చెప్పలేదు," అన్నాను.

అతను "సరేనండి" అని, తలపాగా చుట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న అమ్మ మడికట్టుకుని వంటింట్లో ఉంది. భక్తిపాటల కోసం నేను రేడియో పెట్టాను. తర్వాత వార్తలు వచ్చాయి. ఢిల్లీ నుంచి చదువుతున్న ఆయన ఎప్పటి గొంతుతోనే, ఏ తొందరా లేకుండా చదువుకుంటూ పోతున్నారు. పార్లమెంటు, ఎక్కడో కట్టిన వంతెన, గోధుమల ఓడ. ఆ తర్వాత బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి తుపానుగా మారిందన్నారు. నిన్న సాయంత్రం నుంచి హెచ్చరిస్తున్నట్టుగానే కోస్తా జిల్లాల మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదన్నారు.

నిన్న సాయంత్రం నుంచి.

ఆ మాట విన్నాక నేను చెప్పులు కూడా వేసుకోలేదు. సరుగుడు తోటల్లోంచి అడ్డదారిన పరిగెత్తాను. దిబ్బ ఎక్కేసరికి సముద్రం నున్నగా, చింతపండు పులుసు రంగులో ఉంది. ఒడ్డున ఉండాల్సిన నావల్లో నాలుగు లేవు. కోడి కూయకముందే దిగాయట. మామ్మ ఇంటి ముందు చిరిగిన వల విప్పుకుని కూర్చుని ఉంది. నా కాళ్ల వైపు చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"తుపానంట మామ్మా. ఇప్పుడే చెప్పారు రేడియోలో," అన్నాను.

ఆవిడ వల పక్కన పెట్టి లేచింది. ఒక్క క్షణం నన్నే చూస్తూ నిలబడింది. ఏదో అడుగుతుందనుకున్నాను. ఏమీ అడగలేదు. గట్టిగా కేక పెట్టి పాలెంలో మిగిలిన మగవాళ్లని పిలిచింది. వాళ్లు పొడవాటి సరుగుడు గెడకి తెల్ల పంచె కట్టి దిబ్బ మీద పాతారు, దూరం నుంచి చూసి వెనక్కి వస్తారేమోనని. కాని నావలు అప్పటికే చూపు దాటి పోయాయి.

పది గంటలకి గాలి మొదలైంది. మొదట విడతలు విడతలుగా, తర్వాత ఆగకుండా. మగవాళ్లు ఒడ్డునే ఉండిపోయారు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మా అరుగు దగ్గరికి వచ్చారు. మొదట అయిదారుగురు, చూస్తుండగా పాతికమంది. ఎవరూ ఏడవడం లేదు. కొంగులు తల మీదుగా కప్పుకుని నిలబడ్డారు. అందరికన్నా ముందు మామ్మ ఉంది.

"ఆ పెట్టెలో ఏమన్నా సెప్తారేమో ఇందామని వచ్చామండి," అంది అమ్మతో.

అమ్మ ఆలోచించలేదు. "వాన జల్లు కొడుతోంది, లోపలికి రండి," అంది.

వాళ్లెప్పుడూ మా గడప దాటి ఎరగరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ మళ్లీ, "రండమ్మా, నిలబడతారేం," అని, తనే వెళ్లి చాపలు తెచ్చి హాల్లో పరిచింది. తడిసిన చీరలతో, ఉప్పు వాసనతో వచ్చి కూర్చున్నారు. మామ్మ వచ్చి రేడియో బల్లకి దగ్గరగా, నా పక్కన కూర్చుంది.

నాన్నగారి లెక్క ఆ రోజు ఎవరూ పాటించలేదు. కార్యక్రమాలు ఉన్నంతసేపూ రేడియో మోగుతూనే ఉంది. తుపాను కబురు ఎప్పుడు చెప్తారో తెలియదు. రెండు కార్యక్రమాల మధ్య చెప్పొచ్చు, ఏ ప్రసంగాన్నో ఆపి చెప్పొచ్చు. అందుకని అన్నీ వినాలి. ఆ రోజు ఆ పెట్టెలోంచి ఎన్ని రకాల మాటలు వచ్చాయో అన్నీ పల్లెపాలెం ఆడవాళ్లు విన్నారు.

ఒక పండితుడు పాత నాటకాల్లో విదూషకుడి పాత్ర గురించి మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ కదలకుండా విన్నారు, మధ్యలో ఎక్కడ గాలి మాట వస్తుందోనని. పిల్లల కార్యక్రమంలో ఒక చిన్నపిల్ల ఎలుక పెళ్లి కథ చెప్పింది. బోదకాలు రాకుండా ఏం చేయాలో ఒక డాక్టరు చెప్పాడు. అప్పుడు మాత్రం ఒకావిడ తన కాలు మీదికి చీర సర్దుకుంది. ఆ తర్వాత ఇంగ్లీషు వార్తలు. "ఇందులో సెప్తారా?" అని అడిగారు. చెప్తే నాకు తెలుస్తుందన్నాను. చెవులు రిక్కించి విన్నాను. సైక్లోన్ అన్న మాట వచ్చింది. తీరానికి దగ్గర పడుతోందన్నారు. అది వాళ్లకి తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మామ్మ నా మోచేతి మీద చెయ్యి వేసి, "సెప్పండి పాపగారూ. ఉన్నది ఉన్నట్టు సెప్పండి," అంది. చెప్పాను.

ఉన్నది ఉన్నట్టు అన్న ఆ మాట నాలో ఎక్కడ తగిలిందో నాకే తెలుసు.

మధ్యాహ్నం కొంతసేపు కార్యక్రమాలు ఉండవు. అప్పుడు రేడియో కట్టేశాను. ఒక్కసారిగా గాలి హోరు ఇంట్లోకి వచ్చినట్టయింది. పెంకులు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మ గంజిలో ఉప్పు వేసి అందరికీ ఇచ్చింది. కొందరు తాగారు, కొందరు గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

తిరిగి మొదలయ్యాక ఆడవాళ్ల కార్యక్రమం వచ్చింది. అందులో కొత్తల్లుడు అత్తారింటికి వచ్చి, పూతరేకులు తినడం తెలియక పైన ఉన్నది కాయితం అనుకుని ఒలవబోతాడు. చిన్న హాస్యనాటిక. ఎవరో ఒకమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ వెంటనే ఇద్దరు ముగ్గురు నవ్వారు, నవ్వి, ఎవరో కొట్టినట్టు ఆగిపోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మొదట నవ్విన అమ్మాయి మామ్మ కోడలే, నిన్న సాయంత్రం నా ముందు నిలబడి అడిగినతని భార్య. ఆ అమ్మాయి తల మోకాళ్లలో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మామ్మ కోడలి వీపు నిమురుతూ, "నవ్వితే తప్పేంటే, నవ్వొచ్చింది నవ్వావు," అంది.

మూడింటికి పెద్ద నాటకం. ఏదో పాత కాలపు ఓడ, రాజుగారి కూతురు, దూరదేశం పెళ్లి. అందులో సముద్రం చప్పుడు వినిపించింది. పాలెం ఆడవాళ్లందరూ ఒక్కసారి తలలెత్తారు. కాసేపు విని మామ్మ పెదవి విరిచింది.

"అది సముద్రం కాదండి. సేటలో బియ్యం సెరుగుతున్నారు."

ఇంకొకావిడ, "అట్టాగే ఉంది. ఊపిరి లేదు దానికి," అంది.

నాకు ఆ నాటకంలో తర్వాత ఏమైందో గుర్తులేదు. ఓడ నడిపేవాడు ఒక చోట "తీరం కనిపిస్తోంది" అని అరిచాడు. అప్పుడు మా హాల్లో ఒక్కరు కూడా ఊపిరి తీయలేదు. అది మాత్రం గుర్తుంది. ముందు రోజైతే నేను ఆ అరుపుని నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ రోజు ఆ నాటకం ఆడేవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. ఎక్కడో గదిలో, పొడి బట్టలతో నిలబడి, చేటలో బియ్యం చెరుగుతూ అరుస్తున్నారు.

నాటకం ఆపి మధ్యలో హెచ్చరిక చదివారు. తుపాను ఉత్తరంగా తిరిగిందన్నారు. కాకినాడకి ఆవల తీరం దాటుతుందట. అంటే మాకు పూర్తిగా కొట్టదు, అంచు తగులుతుంది. ఆ మాట నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు మొదటిసారి కొందరు గట్టిగా ఏడ్చారు.

సాయంత్రానికి బ్యాటరీ తగ్గింది. గొంతులు సన్నబడ్డాయి, ముక్కుతో మాట్లాడుతున్నట్టు. రైతుల కార్యక్రమంలో నారుమళ్ల గురించి చెప్తున్న మాటలు దోమ రొదలా వచ్చాయి. నేను పెట్టెకి చెవి ఆనించి విని, ఒక్కో వాక్యం పైకి చెప్పాను. నారుమడిలో నీరు ఎంత పెట్టాలో కూడా చెప్పాను. వదిలేయడానికి భయం. అప్పటికి నా గొంతు బొంగురుపోయింది.

అలా చెప్తుండగానే వీధిలో అరుపులు వినిపించాయి. నావలు వచ్చాయని. రెండు. నది సముద్రంలో కలిసే చోటికి కొట్టుకొచ్చి తిరగబడినా, మనుషులు ఒడ్డెక్కారు. హాలంతా ఒక్కసారి లేచి బయటికి పరిగెత్తింది. మామ్మ, కోడలు కూడా వెళ్లారు. చాపల మీద తడి మచ్చలు మిగిలాయి. నేను ఒక్కదాన్నే రేడియో దగ్గర కూర్చున్నాను. అందులోంచి ఇంకా ఎవరో ఏదో చెప్తూనే ఉన్నారు.

మూడో నావ మర్నాడు, దూరంగా ఇంకో పాలెం దగ్గర దొరికింది. అందులో వాళ్లందరూ బతికారు. నాలుగో దాంట్లో ఉన్నది ఇద్దరు. ఒకతన్ని రెండు రోజుల తర్వాత చెక్క పట్టుకుని తేలుతుంటే లాంచీ వాళ్లు తీశారు. రెండో అతను మామ్మ చిన్న కొడుకు. దొరకలేదు. శవం కూడా రాలేదు.

నాన్నగారు ఆ ఆదివారం రాత్రే కాలవ గట్టు వెంట తడుస్తూ నడిచి వచ్చారు. నేను ఆయనకి చెప్పాను, కాని సగమే చెప్పాను. వాతావరణం వినడం మర్చిపోయానన్నాను. ఏం చెప్పలేదని అబద్ధం ఆడానని చెప్పలేదు. ఆయన తిట్టలేదు. తర్వాత చొక్కా వేసుకుని పల్లెపాలెం వెళ్లి, పెద్దల ముందు, "నేను ఊళ్లో లేకపోవడం తప్పయింది. మా ఇంట్లో ఆ పూట వినలేదు," అని చెప్పి వచ్చారట. వాళ్లు, "మీరేం సేత్తారు షావుకారు గారూ," అన్నారట. ఆ మాట ఇంటికి వచ్చి అమ్మకి చెప్తూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఎప్పుడూ చూడలేదు నేను అలా.

నెల గడిచింది. నాకు అన్నం సయించలేదు. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడడం, "సరేనండి" అనడం. పగలంతా అదే. చివరికి ఒక రోజు పొద్దున్న పాలెం వెళ్లాను. మామ్మ ఒడ్డున చేపలు ఆరబెడుతోంది. పక్కన ఎవరూ లేరు.

"మామ్మా, నీకొక సంగతి చెప్పాలి," అన్నాను.

ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. అంతా చెప్పాను. నాటకం, పుస్తకం, అతను వచ్చి అడగడం, నేను ఏం చెప్పలేదనడం. చెప్పడం అయిపోయాక కూడా ఆవిడ ఆ వరస చివరి దాకా చేపలు తిరగేసింది. తర్వాత ఇసకలో కూర్చుంది.

"నాకు తెలుసు," అంది.

నేనూ ఇసకలో కూర్చున్నాను.

"ఆ రోజు ఆడు ఇంటికొచ్చి, పాపగారు ఏం సెప్పలేదన్నారమ్మా, తెల్లారగట్ట దిగుతాం అన్నాడు. పొద్దున్నే నువ్వు సెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చావు. అప్పుడే తెలిసింది."

"మరి ఆ రోజంతా నా పక్కనే కూర్చున్నావు. ఒక్క మాట అనలేదు."

"అంటే? నువ్వు ఏడుత్తా కూర్చునేదానివి. ఆ పెట్టెలో మాటలు మాకెవరు సెప్పేవోళ్లు? ఆ రోజు నాకు నీతో పని ఉంది."

ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఎప్పుడూ మీరు, అండీ, పాపగారూ.

"తెలుసన్నాను గాని, పూర్తిగా తెలుసని కాదు. ఆడే సరిగా ఇనలేదేమో, నువ్వు సెప్పింది ఇంకోటి ఆడు అర్థం సేసుకుంది ఇంకోటి అయ్యుంటదేమో అనుకుంటా వచ్చాను. ఆడికి సిన్నప్పట్నుంచీ తొందరెక్కువ. అట్టా అనుకుంటే కొంచెం నిద్ర పట్టేది. ఇప్పుడొచ్చి సెప్పేశావు. నీ బరువు దించుకున్నావు. నేనేం సేసుకోను దాన్ని?"

ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "ఇంటికెల్లు. ఎండెక్కింది," అంది.

ఆ వానాకాలమంతా ఆవిడ మా కొట్టుకి రాలేదు. సాయంత్రం కబురు కోసం పాలెం నుంచి ఇంకెవరో వచ్చేవారు. నేను నాటకాలు వినడం మానేశాను. ఎవరూ మానమనలేదు. వార్తలకి పది నిమిషాల ముందే రేడియో దగ్గర కూర్చుని, వాతావరణం చెప్పింది చెప్పినట్టు పలక మీద రాసి, వచ్చినతనికి చదివి వినిపించి, అతని చేత మళ్లీ చెప్పించుకుని పంపేదాన్ని.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం నేను పలక పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి అరుగు కింద మామ్మ నిలబడి ఉంది.

"ఏం సెప్పారండి, పాపగారూ?"

మళ్లీ మీరు, మళ్లీ అండీ. నాకు నువ్వు అన్నప్పటికన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది. చదివాను. ఆవిడ విని, "ఆగ్నేయం అంటే ఎటేపండి?" అంది. చెయ్యి చాపి చూపించాను. "అల్పపీడనం అంటే?" చెప్పాను. ఆ రోజు నుంచి రోజూ ఆవిడే వచ్చింది. మొదట కింద నిలబడేది. కొన్నాళ్లకి అమ్మ బలవంతం మీద అరుగెక్కి కూర్చునేది. తర్వాత నేను పలక చదివేదాకా ఆగకుండా, లోపలికి వచ్చి రేడియో పక్కనే కూర్చుని తనే వినేది. ఒకసారి నాకు జ్వరమొస్తే నాన్నగారు విని చెప్పారు. ఆయన పడమర గాలి అన్నారు. "కాదండి, నైరుతి అన్నాడండి," అని మామ్మ దిద్దింది. నిజమే, నైరుతే.

మేమిద్దరం ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగలేదు. అడిగితే అది కూడా నా బరువు దించుకోవడమే అవుతుంది. పక్కపక్కన కూర్చుని రోజూ ఒకే గొంతు విన్నాం. ఒకరోజు వాతావరణం అయిపోయాక రేడియోలో ఒక నాటిక మొదలైంది. నేను కట్టేయబోయాను. "ఉండనీండి, ఇందాం," అంది. విన్నాం. ఇద్దరు ముసలివాళ్లు ఒక కుర్చీ కోసం పోట్లాడుకునే నాటిక. చివర్లో ఆవిడ కొంచెం నవ్వింది.

రెండేళ్లకి నాకు పెళ్లయింది. ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో గుమాస్తా ఆయన. నేను అక్కడే బడిలో పంతులమ్మగా చేరాను. రేడియోలో మాట్లాడాలన్న కోరిక గురించి ఆయనకి చాలా ఏళ్ల తర్వాత చెప్పాను, అది కూడా ఈ కథతో కలిపి. "అప్పుడైనా రేడియో వాళ్లకి ఉత్తరం రాయాల్సింది," అన్నారు.

ప్రసవానికి పుట్టింటికి వెళ్లినప్పుడు మామ్మ చూడడానికి వచ్చింది. అప్పటికి పాలెంలో రెండు చిన్న రేడియోలు వచ్చాయి. కోడలు మళ్లీ పెళ్లి చేసుకుని అంతర్వేది వైపు వెళ్లిపోయిందని చెప్పింది. పిల్లని ఒళ్లో పెట్టుకుని, కాళ్లు చేతులు పట్టి చూసి, "సెవులు బాగున్నాయండి," అంది. అది వినగానే నాకు ఆ శనివారం గుర్తొచ్చింది. పెద్దవాళ్లు పసిపిల్లల్ని చూసి అనే మాటే అది, అంతకు మించి ఏమీ లేకపోవచ్చు. కాసేపు కూర్చుని, వాతావరణం వేళవుతోందని లేచి వెళ్లిపోయింది.